తిప్పన్న వాళ్ళక్క సైకిల్

పాత సైకిళ్ళు బాగుచేసే పిచ్చోళ్ళలో రెండు రకాలున్నారు. మొదటి రకం వాళ్ళు తుప్పు గీకి, రంగేసి, మెరిపించి తృప్తిపడతారు. రెండో రకానికి అది చాలదు. కంపెనీ గేటు దాటిన రోజున ఆ బండి ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండాలి. నట్టు, బోల్టు, స్టిక్కరు, ఆఖరికి చక్రంలో గాలి కొట్టే చోట ఉండే మూత కూడా ఆనాటిదే కావాలి. నేను రెండో రకం. ‘పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట’ అనే సామెత నాకోసమే పుట్టిందని నా భార్య నళిని నమ్మకం.

మేముండేది బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో. కింద బేస్‌మెంట్‌లో మాకిచ్చిన పార్కింగ్ చోటులో కారు ఉండదు. కారు బయట రోడ్డు మీద కాకుల రెట్టలు భరిస్తూ ఉంటుంది. లోపల నా సైకిళ్ళు, రెంచీలు, రంగు డబ్బాలు ఉంటాయి. అసోసియేషన్ వాళ్ళు నోటీసులిస్తారు, నేను చదివి మడిచి హ్యాండిల్ కింద ఎత్తుకి పెట్టుకుంటాను.

అప్పుడు నళినికి ఐదో నెల. నిరుడు ఒకటి నిలవలేదు. అందుకే ఈసారి సంతోషాన్ని కూడా గట్టిగా మాట్లాడుకోకుండా దాచుకుని తిరుగుతున్నాం. కానీ పేరు మాత్రం ముందే అనుకున్నాం. ఆడైనా మగైనా సరిపోయే పేరు, మా ఇద్దరికే తెలిసిన పేరు. దాన్ని ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

నళినికి నడుం నొప్పి మొదలైంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఫోమ్ దిండు ఆమెకు పడలేదు, బూరుగు దూది దిండే కావాలంది. అలా ఒక శనివారం పొద్దున ఇద్దరం కాటన్‌పేటకు వెళ్ళాం. సందులో సందు తిరిగితే ఒక పరుపుల అంగడి. గల్లా దగ్గర బొద్దుగా, నిండు మీసాలతో ఒక మనిషి. అంత మీసం పైన, ముక్కుకి చిన్న రాతి పుడక! నా చూపు అక్కడే ఆగడం చూసి ఆయనే నవ్వాడు.

“అందరూ అడిగేదే కదప్పా. నాకు ముందు పుట్టినోళ్ళు మా ఇంట్లో ఎవురూ నిలవలేదు. అందుకని నన్ను తిప్ప మీద దొర్లించి, ముక్కు కుట్టి, పక్కింటోళ్ళకిచ్చి మళ్ళా తవుడు పోసి కొనుక్కున్నారంట. పేరు కూడా తిప్పన్న. ఇంత పాడు పేరుంటే సావు కూడా పిలవదు చూడు!”

తిప్ప అంటే పెంటకుప్ప. మా అనంతపురం వైపు కూడా ఈ పేర్లున్నాయి కాబట్టి నాకు వింతనిపించలేదు. నళిని మాత్రం చెయ్యి కడుపు మీద వేసుకుని, ‘పాపం’ అంది.

దిండ్లు కుడుతున్నంతసేపు నేను అటక కేసి చూస్తూ కూర్చున్నాను. దూది మూటల వెనక నల్లగా ఒక సైకిల్ ఉంది. వెనక పాలవాడి క్యారియర్, పెద్దవాళ్ళు కూర్చునే తోలు సీటు, వంకర హ్యాండిల్, ఒళ్ళంతా తారు పూసినట్టు మురికి నలుపు. ఎవరూ రెండోసారి చూడరు. కానీ ముందు చక్రాన్ని పట్టుకున్న ఫోర్క్ ఉందే, దాని వంపు నాకు తెలుసు. ఎనభైల మొదట్లో జపాన్‌లో చేసిన బీఎమ్‌ఎక్స్, అంటే పిల్లల రేసు సైకిల్ అది. దేశంలో ఇలాంటిది ఇంకొకటి ఉందని నేను వినలేదు.

“ఆ సైకిల్ ఎవరిదండీ?”

“మా అక్కది. మా నాయన ఎవురిచేతో సింగపూర్ నుంచి తెప్పించినాడంట. నేను పుట్టకముందే పోయింది ఆ పాప. ఇంట్లో ఫోటో కూడా పెట్టలేదు మా అమ్మ. సుమ్నే, ఊరికే పడి ఉండాది, కావాలంటే ఎత్తుకోని పో.”

“మీ అమ్మగారిని అడగక్కర్లేదా?”

తిప్పన్న గొంతు తగ్గించాడు. “అమ్మ మాలూరు పోయిండాది, మా చిన్నమ్మ ఇంటికి. ఉంటే ఇవ్వనీదు. ఎందుకంటే చెప్పదు. నువ్వు బాగుచేసి ఒకసారి తెచ్చి చూపించప్పా. మా అక్క తొక్కేటప్పుడు అది ఎట్లుండేదో చూడాలని నాకూ ఆశే.”

అడక్కుండానే వరమిచ్చినట్టయింది. దిండ్లకు మళ్ళీ వద్దాంలే అని నళినితో అని, సైకిల్ భుజానికెత్తుకున్నాను.

విప్పడం మొదలుపెట్టాక నాకు ఒక సంగతి అర్థమైంది. సాధారణంగా పాత బండ్లు నిర్లక్ష్యం వల్ల పాడవుతాయి. దీన్ని మాత్రం ఎవరో శ్రద్ధగా పాడుచేశారు. పై నలుపు గీకితే కింద తారు, తారు కింద ఎర్ర ప్రైమర్, దాని కింద మచ్చలేని క్రోమ్! నిక్షేపంలాంటి క్రోమ్ మీద ఎవడైనా తారు పూస్తాడా? అదీ బ్రష్షుతో కాదు, వేళ్ళతో. ఆ వేళ్ళ గీతలు తారులో అలాగే గడ్డకట్టి ఉన్నాయి. చక్రాలు మార్చేశారు. వెనక ఫ్రీవీల్ ఒక్కటే అసలుది, దాన్నిండా సీళ్ళకు వాడే లక్క కరిగించి పోశారు. తొక్కడం ఆపినప్పుడు టిక్ టిక్ టిక్ అని మోగేది ఫ్రీవీలే. దాని నోరు నొక్కేశారన్నమాట. చేసినవాళ్ళెవరో గానీ చేతులు విరగ అని తిట్టుకున్నాను.

పైపుల నిండా దూది. సీటు గొట్టంలో, హ్యాండిల్లో, చక్రం ఇరుసులో కూడా కూరి కూరి ఉంది. తీగతో లాగి సంచీడు తీసి పారేశాను. మర్నాడు సాయంత్రం చూస్తే మళ్ళీ ఉంది. పరుపుల కొట్లో పడి ఉన్న బండి కదా, మూలల్లో మిగిలి ఉంటుందిలే అనుకుని మళ్ళీ తీశాను. ఆ మర్నాడూ తీశాను.

క్రోమ్ బయటపడుతున్న కొద్దీ దాని మీద వేలిముద్రలు కనబడసాగాయి. చిన్నచిన్నవి, సరిగ్గా హ్యాండిల్ పట్టుకునే చోట. వాచ్‌మన్ మస్తాన్ మీద విరుచుకుపడ్డాను. “పిల్లల్ని ఎందుకు కిందికి రానిస్తున్నావు?”

“ఏ పిల్లలు సార్? కరెంటు మీటర్లున్నాయని వాళ్ళమ్మలే రానివ్వరు,” అన్నాడు.

పుణెలో ఒకాయన దగ్గర అదే మోడల్ పసుపుపచ్చ ప్లాస్టిక్ చక్రాలు దొరికాయి. హ్యాండిల్‌కీ, పైపుకీ చుట్టే నీలం మెత్తలు కుట్టించాను. సీటు అసలుది కాదు గానీ ఆ కాలంనాటిదే. దాన్ని నాకు సరిపోయే ఎత్తులో బిగించి పైకి పోతే, మర్నాటికి కిందికి దిగి ఉండేది. బోల్టు జారిందనుకున్నాను. బోల్టు మార్చినా దిగింది. దిగిన ప్రతిసారీ ఒకే ఎత్తు. పదేళ్ళ పిల్ల కాళ్ళు నేలకందే ఎత్తు.

పైన నళిని తుమ్ముతూ ఉండేది. “ఇల్లంతా కొత్త పరుపు వాసన వస్తోంది చైతూ. నువ్వు కింద ఏం దులుపుతున్నావో ఏమో.” దిండ్ల వాసనేలే అనుకున్నాను. మేము దిండ్లు ఆ కొట్లోనే వదిలేసి వచ్చామన్నది అప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఆఖరున ఫ్రీవీల్ మిగిలింది. ఆదివారం, దీపాలు పెట్టే వేళ. బయట వాన కురిసి కురిసి ర్యాంపు మీంచి నీళ్ళు బేస్‌మెంట్‌లోకి పాకుతున్నాయి. లక్కంతా కరిగించి, కడిగి, నూనె వేసి బిగించాను. రెండడుగులు వెనక్కి జరిగి చూశాను. వెండిలా ఒళ్ళు, పసుపు చక్రాలు, నీలం మెత్తలు. ఏ పాప ఎదుట నిలబెట్టినా కెవ్వుమని అరిచి ఎక్కి కూర్చునేలా ఉంది. గర్వంతో నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. వెనక చక్రాన్ని పైకెత్తి గట్టిగా తిప్పాను.

టిక్‌టిక్‌టిక్‌టిక్‌టిక్...

ఎంత తేట గొంతు! స్తంభాల మధ్య తిరిగి తిరిగి మోగింది. అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ రెండుసార్లు దగ్గి, అదీ ఆగింది. ఫోను ఎక్కడో పనిముట్ల మధ్య పెట్టాను. చీకట్లో తడుముకుంటూ చక్రాన్ని చేత్తో పట్టి ఆపాను.

చప్పుడు ఆగలేదు.

నా చేతి కింద చక్రం కదలడం లేదు. చల్లగా, నిశ్చలంగా ఉంది. చప్పుడు మాత్రం అవతల మూడో స్తంభం దగ్గర్నుంచి వస్తోంది. నెమ్మదిగా. ఎవరో సైకిల్ ఎక్కకుండా, పక్కన నడిపించుకుంటూ వస్తున్నట్టు.

టిక్... టిక్... టిక్...

వాన వాసన పోయింది. దాని చోట పచ్చి దూది వాసన, గోదాములో మూసిపెట్టిన వాసన. ముక్కులో ఏదో మెత్తగా తగిలింది. ఊపిరి పీలిస్తే పెదాలకు పోగులంటుకుంటున్నాయి. దగ్గుదామంటే భయం. దగ్గితే నేనెక్కడున్నానో దానికి తెలిసిపోతుంది.

అది నన్ను దాటి పోయింది. నా మోచేతికి చల్లగా ఏదో రాసుకుంది... మెట్ల వైపు పోయింది.

మెట్ల మీద నళిని చెప్పుల చప్పుడు. కరెంటు లేక లిఫ్టు ఆగింది కాబట్టి నన్ను పిలవడానికి ఆమే దిగి వస్తోంది. గోడ మీద ఫోను వెలుగు ఊగింది. అరుద్దామని నోరు తెరిచాను. గొంతులో దూది.

నళిని ఆగింది. ఎవరితోనో మాట్లాడుతోంది. ఆమె మాటలే వినిపిస్తున్నాయి.

“చీకట్లో ఏం చేస్తున్నావే బంగారం? మీది ఏ ఫ్లాట్?”

టిక్.

“అబ్బో, తమ్ముడా? తమ్ముడో చెల్లెలో ఎవరికి తెలుసు... రావడానికి ఇంకా చాలా రోజులుందిలే.”

టిక్... టిక్.

“పేరా?” నళిని నవ్వింది. “ఎవరికీ చెప్పలేదు. నీ ఒక్కదానికే చెప్తాను, సరేనా?”

వద్దు, వద్దు నళినీ... లోపల్లోపలే అరుస్తున్నాను. ఆమె వంగి, గుసగుసగా ఆ పేరు చెప్పింది.

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత చక్రం వెర్రి సంతోషంతో తిరిగినట్టు బేస్‌మెంటంతా మోగిపోయింది. టిక్‌టిక్‌టిక్‌టిక్‌టిక్!

“నళినీ!” నా గొంతు ఊడి వచ్చింది. దీపాలు వెలిగాయి. మెట్ల మీద ఆమె ఒక్కతే ఉంది. “ఎందుకలా అరుస్తావు? పాప జడుసుకుంది,” అని నన్నే కసిరింది.

“ఏ పాప? ఎటు పోయింది?”

“నీ వైపే కదా వచ్చింది, సైకిల్ పట్టుకుని...” అంటూ ఆమె మాట ఆపేసింది. సైకిల్ నా చేతి కిందే ఉంది. నళిని తన కడుపు వైపు చూసుకుంది. నైటీ మీద, సరిగ్గా బొడ్డు దగ్గర, ఒక తెల్లటి దూది పింజ అంటుకుని ఉంది.

మర్నాడు ఆఫీసులకు సెలవు పెట్టి ఇద్దరం సైకిల్‌ని కారులో వేసుకుని కాటన్‌పేటకు పరిగెత్తాం. తిప్పన్న ఎదురొచ్చాడు. బండిని చూసి మొహం చేటంత చేసుకుని, “అమ్మా, ఇట్లా రా! అక్క బండి చూద్దువు!” అని లోపలికి కేకేశాడు.

తిప్పన్న తల్లి మునివెంకటమ్మ అప్పటికే మాలూరు నుంచి వచ్చేసింది. బక్కపల్చని ముసలామె. గడప దాటి సైకిల్‌ని చూసింది. అరవలేదు, ఏడవలేదు. గబగబా వచ్చి కొంగు తీసి హ్యాండిల్ మీద కప్పింది. పసిబిడ్డకు గాలి తగలకుండా కప్పినట్టు.

“దీన్ని కడిగింది ఎవురు?”

“నేనేనమ్మా,” అన్నాను.

“దాని నోరు కూడా తెరిసినావా?”

ఫ్రీవీల్ సంగతి అని అర్థమై తలూపాను. ఆమె అక్కడే దూది మూట మీద కూలబడింది. కొడుకు ముఖం కేసి చూడకుండా, నళినినే చూస్తూ చెప్పింది.

“నా బిడ్డ చెడ్డది కాదు తల్లీ. ఒంటిగా ఉండలేదు, అంతే. అప్పుడు నేను కడుపుతో ఉండాను. తమ్ముడు పుడితే ముందర కూసోబెట్టుకోని పేటంతా తిప్పుతానని రోజులు లెక్కబెట్టుకునేది. ఒకనాడు సాయంత్రం గోడౌన్లోకి తొక్కుకుంటా పోయింది. దూది బేళ్ళు మీద పడినాయి. మేము వీధంతా వెతికినాము... అది లోపలే ఉండాది.”

తిప్పన్న నోరు తెరుచుకుని వింటున్నాడు. ఈ మాటలు అతనూ ఇప్పుడే వింటున్నాడని తెలుస్తూనే ఉంది.

“మగబిడ్డ పుట్టినాడు. బంగారంలాంటి పేరు పెట్టినాము. దీపాలు పెట్టే వేళకు వాకిట్లో ఆ చప్పుడు. టిక్, టిక్. బిడ్డ అటు తిరిగి నవ్వేవాడు. ఒకనాడు పొద్దున ఉయ్యాల్లో చూస్తే... నోట్లో దూది. తర్వాతోడికీ మంచి పేరే పెట్టినాము. వాడూ అంతే.” ఆమె కళ్ళు తుడుచుకోలేదు. “మూడోతూరికి నాకు బుద్ధొచ్చింది. బండికి తారు పూసినా, దాని నోట్లో లక్క పోసినా. వీడిని తిప్ప మీద దొర్లించినా. అది వచ్చి చూసింది. బండి దానిది కాదు. తమ్ముడూ దాని తమ్ముడు కాదు. అట్లనుకోని ఏడ్చుకుంటా ఎనక్కి పోయింది.”

తిప్పన్న చెయ్యి ముక్కుపుడక మీదికి పోయి అక్కడే ఆగింది.

“మరి ఆ బండిని పారేసి ఉండొచ్చు కదమ్మా?” అన్నాను. నా తప్పు కాదనిపించుకోవాలన్న ఆరాటం నాది.

“పారేస్తే నీ మాదిరోడు ఎవురో ఎత్తుకోని పోయి కడుగుతాడు కదప్పా,” అంది.

ఆమె నళిని చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగింది. “పేరు అనుకున్నారా?”

“అనుకున్నాం.”

“ఎవురికైనా చెప్పినావా తల్లీ?”

నళిని కిందికి చూస్తూ తలూపింది. మునివెంకటమ్మ ఆ చెయ్యి నిమిరింది. “ఆ పేరు ఇంక నోట్లోకి రానీయొద్దు. మనసులో కూడా పిలవొద్దు. పుట్టినాక నా దగ్గరికి ఎత్తుకోని రండి. చేసేది నేను చేస్తా.”

“బండి ఇక్కడే ఉంచమంటారా?” అన్నాను ఆశగా.

“దానికి ఇప్పుడు మీ ఇల్లు తెలుసు నాయనా. బండి నా దగ్గరుంటే ఏం లాభం? నువ్వు విప్పినావు, నువ్వే మూయి.”

ఆ రాత్రే తారు కొన్నాను. చేతి తొడుగులు వేసుకోబుద్ధి కాలేదు. ఆమె చేసినట్టే వేళ్ళతో పూశాను. మచ్చలేని క్రోమ్ మీద నా వేళ్ళే గీతలు గీస్తుంటే ఏడుపొచ్చింది. అది సైకిల్ కోసం కాదు, భయంతో. పసుపు చక్రాలు పగలగొట్టి చెత్తబండికేశాను. క్యారియర్ బిగించాను. లక్క కరిగించి ఫ్రీవీల్ నిండా పోశాను. తిప్పితే చక్రం మూగదానిలా తిరిగింది. ఆ తర్వాత నళిని కాన్పు దాకా ఏ చప్పుడూ లేదు, ఏ వాసనా లేదు.

మగపిల్లాడు పుట్టాడు. మాలూరు దగ్గర తిప్పన్న పొలంలో, పెంటకుప్ప మీద పాత చీర పరిచి, వాడిని అటూ ఇటూ దొర్లించింది మునివెంకటమ్మ. ముక్కు కుట్టించింది. తన కొడుకన్నట్టు ఒళ్ళో పెట్టుకుని, చేటలో మేము పోసిన తవుడు తీసుకుని మాకు ‘అమ్మింది’. పేరు తిప్పయ్య. ఆసుపత్రి కాగితాల్లోనూ అదే. మా ఆఫీసులో పంచే కేకు మీద ఆ పేరు రాయమంటే బేకరీవాడు రెండుసార్లు అడిగాడు. నవ్వేవాళ్ళు నవ్వారు. నాకేం? నా కొడుకు బతికితే చాలు.

వాడు బాగానే ఎదిగాడు. పాకుతున్నాడు, పళ్ళొస్తున్నాయి. ఒక్కటే వెలితి. ‘తిప్పయ్యా’ అని ఎంత పిలిచినా తిరిగి చూడడు. గిలక్కాయ మోగిస్తే చూస్తాడు, కాకి అరిస్తే చూస్తాడు, పేరుకి మాత్రం పలకడు. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. వినికిడి బ్రహ్మాండంగా ఉంది, కొందరు పిల్లలు పేరుకి ఆలస్యంగా పలుకుతారు అని పంపేశాడు.

నిన్న సాయంత్రం వాన. పొద్దున్నే బేస్‌మెంట్‌కి వెళ్ళి చూసి వచ్చాను, రోజూ చూస్తాను. బండి నల్లగా ఉంది. లక్క చెక్కుచెదరలేదు. నళిని దేవుడి దగ్గర దీపం వెలిగిస్తోంది. నేను హాల్లో చాప మీద వాడి ఎదురుగా కూర్చుని, “తిప్పయ్యా... ఒరే తిప్పయ్యా...” అని చిటికెలేస్తున్నాను. వాడు తన బొటనవేలు తాను చూసుకుంటున్నాడు.

టిక్ అని కూడా వినిపించలేదు. అదొస్తే ఆ చప్పుడుతోనే వస్తుందని నేను ఇన్నాళ్ళూ చెవులు రిక్కించి కూర్చున్నాను...

మూసిన తలుపు అవతల్నుంచి, చాలా మెల్లగా, ముద్దుగా, ఒక ఆడపిల్ల గొంతు ఆ పేరు పిలిచింది.

తిప్పయ్య అని కాదు. ఆ పేరు.

వాడు పుట్టాక ఆ పేరు మా ఇంట్లో ఎవరూ అనలేదు. వాడు ఎన్నడూ వినలేదు. చటుక్కున తల తిప్పాడు. తలుపు వైపు, పదేళ్ళ పిల్ల మొహం ఉండేంత ఎత్తుకి చూసి, కిలకిలా నవ్వాడు. చంకనెత్తుకోమని రెండు చేతులూ చాచాడు.

నేను ఒక్క ఉదుటున వాడిని లాక్కుని గుండెకు అదుముకున్నాను. వాడింకా నా భుజం మీదుగా అటే చూసి నవ్వుతున్నాడు. పెదవి చివర తెల్లగా ఏదో ఉంది. పాలనుకుని బొటనవేలితో తుడిచాను. అది వేలికంటుకుని పోగులా సాగింది.